వారం సరుకులు



సంతకు వెళ్లి వచ్చిన ప్రతి ఇల్లాలూ ఒక మాట అనుకుంటుంది. "ఇంత డబ్బు పట్టుకుపోతే సంచి కూడా నిండలేదే!" అని. ఈ మాట మన ఊళ్లోనే కాదు, ప్రపంచమంతా వినిపిస్తుంది. కూటి కోసం కోటి విద్యలు అన్నారు పెద్దలు. ఆ కూటికి ఏ దేశంలో ఎంత ఖర్చవుతుంది? ఎవరు ఏం తింటారు? ఈ రోజు ఆ సంగతి చెప్పుకుందాం.

అమెరికాలో ఒక భార్యాభర్తలు ఉన్నారు. భర్త పీటర్ మెంజెల్ ఫొటోలు తీస్తాడు. భార్య ఫెయిత్ డెలూజియో రాస్తుంది. ఇద్దరూ కలిసి 24 దేశాలు తిరిగారు. 30 కుటుంబాల ఇళ్లకు వెళ్లారు. ప్రతి ఇంట్లోనూ ఒక వారానికి సరిపడే తిండి సరుకులన్నీ ఒకచోట పేర్చారు. ఇంటివాళ్లను ఆ సరుకుల దగ్గర నిలబెట్టి ఫొటో తీశారు. ఖర్చెంతో లెక్క రాశారు. 2005లో అవన్నీ పుస్తకంగా వచ్చాయి. అందులోని కొన్ని ఇళ్లు చూద్దాం. ఆ రోజుల్లో ఒక డాలరు అంటే సుమారు 45 రూపాయలు. ఆ లెక్కనే మన రూపాయల్లో చెప్పుకుందాం.

మొదటిది జర్మనీలో ఒక ఇల్లు. ఇంట్లో నలుగురు. వారం తిండికి 500 డాలర్లు అయ్యాయి. అంటే సుమారు 22 వేల రూపాయలు. బల్ల నిండా రొట్టెలు, మాంసం, పాలు, పళ్లు ఉన్నాయి. తాగే వాటి సీసాలే వరసలు వరసలుగా ఉన్నాయి.

రెండోది ఇల్లు కాదు, గుడారం. ఆఫ్రికాలో సూడాన్ అనే దేశం ఉంది. అక్కడ డార్ఫర్ అనే ప్రాంతంలో 2003లో యుద్ధం మొదలైంది. జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పక్కనున్న చాద్ దేశానికి పారిపోయారు. అలా వచ్చిన వాళ్లను శరణార్థులు అంటారు. వాళ్లలో ఒక తల్లి ఉంది. ఆమెకు ఐదుగురు పిల్లలు. ఆరుగురూ కలిసి ఆ వారం కొన్న సరుకులు 1 డాలరు 23 సెంట్లు. అంటే మన 55 రూపాయలు! ఆ డబ్బుతో ఎండబెట్టిన కూరలు, కొంచెం మాంసం లాంటివి కొన్నారు. మిగతాదంతా శిబిరంలో ఇచ్చిన రేషనే. జొన్నలు, పప్పు, నూనె, ఉప్పు లాంటివి కొలిచి ఇస్తారు. అవి అయిపోతే మళ్లీ ఇచ్చేదాకా ఆగాల్సిందే.

ఒక చోట 22 వేలు. ఇంకో చోట 55 రూపాయలు. కడుపు మాత్రం ఎక్కడైనా కడుపే కదా!

ఇప్పుడు మూడో ఇల్లు. మనకు దగ్గరలోనే, హిమాలయ కొండల్లో భూటాన్ అనే చిన్న దేశం ఉంది. వాళ్ల డబ్బు విలువ మన రూపాయితో సమానం. అక్కడ పల్లెటూరిలో ఒక ఇంట్లో 13 మంది ఉన్నారు. వాళ్ల వారం ఖర్చు 225 రూపాయలే. మరి 13 మందీ పస్తులున్నారా? లేదు. ఎర్రబియ్యం వాళ్ల పొలంలోవే. కూరగాయలూ చాలావరకు ఇంటివే. అందుకే బజారులో పెట్టిన ఖర్చు తక్కువ.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. బిల్లు తక్కువ ఉన్నంత మాత్రాన తిండి తక్కువ అని కాదు. బిల్లులో పడనిది కూడా ఉంటుంది. నాటు వేసిన కష్టం, కలుపు తీసిన కష్టం, గొడ్డుకు మేత వేసి పాలు పితికిన కష్టం. వీటికి ఎవరూ రసీదు ఇవ్వరు. ఆ కష్టంలో సగం పైగా ఆడవాళ్లదే అని మీకు వేరే చెప్పాలా?

ఇక తినేదాని సంగతి. అరబ్బీ భాషలో 'ఐష్' అని ఒక మాట ఉంది. జీవితం, బతుకు అని దాని అర్థం. ఈజిప్టు దేశంలో రొట్టెను ఐష్ అంటారు. కువైట్‌లో అన్నాన్ని ఐష్ అంటారు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లి ఇంటి పనులు చేసి వచ్చిన అక్కలను అడగండి, చెబుతారు. చాద్ గుడారంలో ఉన్న ఆ తల్లి వండే జొన్న సంకటిని కూడా ఐష్ అనే అంటారు. చూశారా! మాట ఒకటే. ఒకరికి రొట్టె, ఒకరికి అన్నం, ఒకరికి సంకటి. ఎవరి కంచంలో ఏది పడితే అదే వాళ్లకు బతుకు. మన దగ్గరా అంతే కదా. ఒకరికి వరి అన్నం లేనిదే తిన్నట్టుండదు. ఒకరికి జొన్నరొట్టె, ఇంకొకరికి రాగి సంకటి కావాలి.

బతుకుతో సమానమైన తిండి ధర పెరిగితే ఏమవుతుంది? 1977 జనవరిలో ఈజిప్టు ప్రభుత్వం పిండి, బియ్యం, నూనె లాంటి వాటి మీద ఇచ్చే సాయం తగ్గిస్తామంది. జనం వీధుల్లోకి వచ్చారు. గొడవల్లో చాలామంది చనిపోయారు. ప్రభుత్వం ఆ మాట వెనక్కి తీసుకుంది. అక్కడ సబ్సిడీ రొట్టె ధరను 30 ఏళ్లకు పైగా పెంచలేదు. 2024 జూన్‌లోనే పెంచారు. కువైట్ ధనిక దేశం. అయినా ఆ దేశ పౌరుల కుటుంబాలకు బియ్యం, చక్కెర, నూనె తక్కువ ధరకు ఇస్తారు. మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. 2013లో దేశమంతటికీ ఆహార భద్రత చట్టం వచ్చింది. 2023 జనవరి నుంచి ఆ చట్టం కింద ఇచ్చే రేషన్ బియ్యం ఉచితం చేశారు. రేషన్ కార్డు దానం కాదు, హక్కు అని చెప్పేది ఇందుకే.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. "జర్మనీ వాళ్లు 22 వేలు పెట్టారు, అమ్మో!" అనుకున్నాం. కానీ ఎంత పెట్టారు అని అడిగితే సగమే తెలుస్తుంది. ఉన్నదాంట్లో ఎంత పెట్టారు అని అడగాలి.

ఈ ప్రశ్నను జర్మనీలో ఎర్నెస్ట్ ఎంగెల్ అనే ఆయన చాలా కాలం కిందటే అడిగాడు. ఆయన లెక్కల మనిషి. బెల్జియం దేశంలో కూలి కుటుంబాల ఇంటి ఖర్చుల లెక్కలు తీసుకుని చూశాడు. 1857లో ఒక మాట చెప్పాడు. ఇల్లు ఎంత పేదదైతే, ఉన్న డబ్బులో అంత ఎక్కువ భాగం తిండికే పోతుంది అని. ఇన్నేళ్లు గడిచినా ఆ మాట తప్పు కాలేదు.

ఎలాగో చూద్దాం. నేల మీద పది రూపాయల నోట్లు పది పరచండి. మొత్తం 100 రూపాయలు. ఇంటి ఖర్చంతా అదే అనుకోండి. తిండి, బట్టలు, కరెంటు, బస్సు, మందులు, చదువు అన్నీ అందులోనే.

అమెరికాలో 2023లో ఆ నూటిలో తిండికి పోయింది సుమారు 13 రూపాయలు. అంటే ఒక నోటు, దాని మీద కాస్త. తొమ్మిదో వంతు కూడా కాదు అనకండి, ఎనిమిదో వంతు దాకా ఉంది. ఆఫ్రికాలోని నైజీరియాలో 2019లో 56 రూపాయలకు పైగా పోయింది. అంటే ఐదున్నర నోట్లు దాటింది. మన దేశంలో పల్లెల్లో 2022-23లో 46 రూపాయలు పోయాయి. అంటే నాలుగున్నర నోట్లు. పట్నాల్లో అయితే 39 రూపాయలు. ఇవన్నీ సగటు లెక్కలు. ఇంటింటికీ తేడా ఉంటుంది. అమెరికాలోనూ పేదవాళ్ల నోట్లు తిండికి ఎక్కువే పోతాయి.

మన పల్లెల లెక్కలో ఇంకొక మార్పు కూడా ఉంది. 1999-2000లో నూటికి 59 రూపాయలు తిండికే పోయేవి. అందులో బియ్యం, గోధుమ, జొన్న లాంటి గింజలకే 22 రూపాయలు. 2022-23 వచ్చేసరికి గింజలకు కొన్నది 5 రూపాయలే. ఉచితంగా వచ్చే రేషన్ బియ్యం ఈ లెక్కలో లేదు. మరి ఎక్కువ దేనికి పోతోంది? టీలు, కూల్‌డ్రింకులు, చిప్స్, బిస్కెట్లు, హోటల్ తిండి. వీటన్నిటికీ కలిపి దాదాపు 10 రూపాయలు. గింజలకు పెట్టిన దానికి ఇది రెట్టింపు! పిల్లవాడు ఏడిస్తే ఐదు రూపాయల ప్యాకెట్ చేతిలో పెడతాం. ఏడుపు ఆగుతుంది. ఆకలి ఆగుతుందా? బలం వస్తుందా? అదే డబ్బుతో గుడ్డో, పల్లీలో, అరటిపండో ఎంత వస్తుందో మీ ఊరి ధరలతో మీరే లెక్క వేసి చూడండి.

ఇక ధరలు పెరిగితే ఏమవుతుందో చూద్దాం. ఒక ఇంట్లో నెల ఖర్చు 10 వేలు అనుకోండి. అందులో తిండికి 5 వేలు. పక్క వీధిలో ఇంకో ఇల్లు ఉంది. వాళ్ల ఖర్చు లక్ష. తిండికి 20 వేలు. సరుకుల ధరలు నూటికి 10 రూపాయలు పెరిగాయి. పెద్దింట్లో 2 వేలు ఎక్కువైంది. అయినా మిగతా ఖర్చులకు 78 వేలు ఉన్నాయి. వాళ్లకు పెద్దగా తెలియదు. చిన్నింట్లో 500 ఎక్కువైంది. మిగిలింది 4,500. అందులోనే అద్దె, కరెంటు, ఫీజు, మందులు, అప్పు వడ్డీ. ఆ 500 ఎక్కడ కోయాలి?

చాలా ఇళ్లలో కోత ఎక్కడ పడుతుందో తెలుసా? వండిన అమ్మ కంచంలో పడుతుంది. ముందు మగవాళ్లు, తర్వాత పిల్లలు, చివర ఆమె. కూర అయిపోతే పచ్చడి మెతుకులు. గుడ్డు ఉంటే కొడుక్కి. "నాకు ఆకలిగా లేదులే" అనే మాట ఎంతమంది తల్లులు అనలేదు!

2019-21లో దేశమంతటా ఆరోగ్య సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తం తక్కువగా ఉంది. అదే వయసు మగవాళ్లలో నూటికి 25 మందికే ఉంది. నెలసరి, కాన్పులు కూడా దీనికి కారణమే. కానీ పోయిన రక్తం మళ్లీ పట్టాలంటే తిండి కావాలి. ఆకుకూర, పప్పు, గుడ్డు ఎక్కువ అవసరమైన మనిషికే అవి తక్కువ అందుతున్నాయి.

కాబట్టి అక్కలారా, మీరు అక్షరాలు నేర్చుకున్నారు. అంకెలు నేర్చుకున్నారు. వాటిని ఇక్కడ వాడండి. ఒక నోటుబుక్కు తీసుకుని వారం రోజులు లెక్క రాయండి. పేజీలో మూడు గడులు గీయండి.

మొదటి గడిలో కొన్నవి రాయండి. ఉప్పు దగ్గర నుంచి చిప్స్ ప్యాకెట్ దాకా, మగవాళ్లు బయట తాగిన టీ దాకా అన్నీ రాయండి.

రెండో గడిలో కొనకుండా వచ్చినవి రాయండి. రేషన్ బియ్యం, పెరటి కూర, ఇంటి పాలు, ఇంటి కోడి గుడ్డు. ఆ వస్తువు బజారులో అయితే ఎంతో, ఆ ధర పక్కన వేయండి. మీ కష్టం విలువ ఇంట్లో అందరికీ కనపడాలి.

మూడో గడిలో ఎవరు ఏం తిన్నారో రాయండి. పాలు ఎవరు తాగారు? గుడ్డు ఎవరు తిన్నారు? ఆడపిల్లకు ఎంత పెట్టారు? మీరేం తిన్నారు? దాచకుండా రాయండి.

వారం తర్వాత ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఆ లెక్క చదివి వినిపించండి. గొడవ పెట్టుకోనక్కర లేదు. అంకెలే మాట్లాడతాయి. తర్వాత వారం పది రూపాయలు ఎక్కడ తగ్గించాలి, ఎవరి కంచంలో గుడ్డు పెంచాలి అనేది అందరూ కలిసి తేల్చుకోండి. కుదిరిన పూట అందరూ ఒకేసారి కూర్చుని తినండి. అప్పుడు గిన్నెలో ఎంత ఉందో అందరికీ కనిపిస్తుంది. ఉన్నది అందరికీ సమానంగా వస్తుంది.