వీపు మీద నీళ్లు: ఒక్కరోజు నడకకు నీటి పిట్టూ ఎంచుకోవడం ఎలా?

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శీతాకాలం మన సంఘం తరఫున శుశునియా కొండకు ఒక్కరోజు నడక పెట్టాలని కమిటీ అనుకుంటోంది. దానితో పాటు ఇంకో ప్రతిపాదన కూడా వచ్చింది. అందరికీ ఒకే రకం నీటి సంచులు, అంటే గొట్టంతో తాగే పిట్టూలు, సంఘం డబ్బుతో టోకుగా కొందామని. దాని మీద నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చదివింది ఇంటర్మీడియట్ వరకే. 1988లో మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో చేరి, సుబేదారుగా దిగాను. డాక్టర్ని కాను, దుకాణదారుణ్ణీ కాను. నీళ్లు మోసుకుంటూ నడిచిన అనుభవం మాత్రం కొంత ఉంది. ఆ హద్దులోనే మాట్లాడతాను.

వీపు మీద నీళ్లు మోయడం కొత్త సంగతేమీ కాదు. మన ఊళ్లలో పొలానికి వెళ్లే రైతు సొరకాయ బుర్రలో నీళ్లు పట్టుకెళ్లేవాడు. ఇక్కడ కలకత్తాలో భిస్తీలు మేకతోలు తిత్తిలో నీళ్లు నింపి భుజాన వేసుకునేవారు. రాజస్థాన్‌లో డ్యూటీ చేసినవారికి జీపుకు వేలాడే కాన్వాసు ఛాగల్ గుర్తుండే ఉంటుంది. ఆ గుడ్డలోంచి నీరు కొంచెం కొంచెంగా ఊరి, గాలికి ఆరిపోతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. మన పాత వాటర్ బాటిల్‌కు ఉన్న ఉన్ని తొడుగును తడిపితే చల్లబడేదీ ఇందుకే. అయితే ఈ విద్య పొడిగాలిలోనే బాగా పనిచేస్తుంది. మన ఖరగ్‌పూర్ గాలిలో తేమ ఎక్కువ. గుడ్డ తడిగానే ఉంటుంది, నీళ్లు మాత్రం చల్లబడవు. మన ఒంటి చెమటదీ ఇదే కథ. కారుతుంది గాని ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. అందుకే ఎండ కొంచెం తక్కువగా ఉన్నా ఇక్కడ మనిషి తొందరగా డీలా పడతాడు.

ఇప్పటి గొట్టం సంచి పుట్టుక కూడా చెప్పుకోవాలి. 1988లో అమెరికాలోని టెక్సాస్‌లో మండుటెండలో వంద మైళ్ల సైకిల్ పోటీ జరిగింది. అందులో పాల్గొన్న మైకేల్ ఈడ్సన్ అంబులెన్సులో పనిచేసే మనిషి. సెలైన్ సంచిలో నీళ్లు నింపి, ఒక పొడుగాటి మేజోడులో పెట్టి, చొక్కా వీపుకు తగిలించుకున్నాడు. గొట్టాన్ని భుజం మీదుగా తెచ్చి, బట్టలారేసే క్లిప్పుతో మూసుకున్నాడు. అందులోంచి పుట్టిందే కేమెల్‌బాక్ కంపెనీ. తర్వాత అనేక దేశాల సైన్యాలు ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చుకున్నాయి. పేరు పెద్దది, ధర పెద్దది, కాని లోపల ఉన్నది ఆ సెలైన్ సంచి ఆలోచనే.

ఇంతకీ దీని వల్ల లాభం ఏమిటి? బాటిల్‌లోనూ అవే నీళ్లు కదా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి నేను చూసిన ఒక సంఘటన చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక కొండ నడకలో మాతో వచ్చిన పెద్దాయన, రిటైర్డ్ హవల్దారు, దిగేటప్పుడు ఒక్కసారిగా తూలి కూర్చుండిపోయారు. మాట తడబడింది. నీడకు చేర్చి, చొక్కా విప్పి, తడిగుడ్డలు వేసి విసిరితే కాసేపటికి తేరుకున్నారు. తర్వాత ఆయన పిట్టూ విప్పి చూస్తే అడుగున రెండు నిండు బాటిళ్లున్నాయి. మూత కూడా తియ్యలేదు. "వరసలో అందరూ నడుస్తుంటే నా ఒక్కడి కోసం ఆపడం ఏం బాగుంటుంది సాబ్" అన్నారు. సంచిలో ఉన్న నీళ్లు కడుపులో నీళ్లు కావు. గొట్టం సంచి గొప్పతనం ఇక్కడే ఉంది. ఎవర్నీ ఆపక్కర్లేదు, పిట్టూ దించక్కర్లేదు. గొట్టం నోటి దగ్గరే ఉంటుంది కాబట్టి పది పదిహేను నిమిషాలకోసారి రెండు గుక్కలు పడతాయి.

దాహాన్ని ఓర్చుకోవడం ట్రైనింగ్‌తో వస్తుందని మన పాత ఉస్తాదులు నమ్మేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో అడాల్ఫ్ అనే శాస్త్రవేత్త బృందం ఎడారిలో సైనికుల మీద పరీక్షలు చేసి, 1947లో పుస్తకంగా ప్రచురించింది. తక్కువ నీటితో సరిపెట్టుకోవడం శరీరానికి నేర్పలేమని అందులో తేలింది. ఎదురుగా నీళ్లున్నా పనిలో ఉన్న మనిషి, పోయిన చెమటకు సరిపడా తాగడని కూడా తేలింది. దానికి తోడు వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడమే తగ్గుతుంది. బీపీకి నీరు లాగే మాత్రలు వేసుకునేవారు మనలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. వారు, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఎంత తాగాలో తమ డాక్టరును అడిగే నడకకు రావాలి.

ఇక ఎంపిక సంగతి. మొదట ఎన్ని లీటర్లో తేల్చుకోవాలి. మామూలు నడకకు గంటకు అర లీటరు లెక్క. ఎండ, ఎక్కుడు ఉంటే ఇంకొంచెం ఎక్కువ. నాలుగు గంటల నడకకు రెండు లీటర్లు, పైన అర లీటరు రిజర్వు. శుశునియాలో ఊట ధార కొండ మొదట్లో ఉంది. ఎత్తు సుమారు 440 మీటర్లే గాని, పైకి నీళ్లు మోసుకునే వెళ్లాలి. అయోధ్య కొండల్లోనూ, ఘాట్‌శిలా వైపు అడవి దారుల్లోనూ నీళ్లు దొరుకుతాయిలే అనుకుని బయల్దేరకూడదు. అలాగని మూడు లీటర్ల సంచి కొనేసి నిండా నింపక్కర్లేదు. లీటరు నీళ్లంటే కిలో బరువు. మన వయసు మోకాళ్లు ఆ కిలోను లెక్కపెడతాయి. మనలో ఎక్కువమందికి రెండు లీటర్ల సంచి చాలు. పిల్లలకు లీటరు, లీటరున్నర.

రెండోది లోపలి తిత్తి. నోరు వెడల్పుగా ఉండాలి, చెయ్యి లోపలికి పట్టాలి. సన్నమూతి తిత్తిని కడగలేం, ఆరబెట్టలేం. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. ఘాటైన ప్లాస్టిక్ వాసన ఉంటే పక్కన పెట్టెయ్యండి. బీపీఏ లేదని రాసి ఉందా చూడండి. పీవీసీ కంటే టీపీయూ రకం మెత్తగా ఉండి, వాసన తక్కువగా ఉంటుంది. కొని ఇంటికి తెచ్చాక నిండా నింపి, పాత న్యూస్‌పేపర్ మీద పడుకోబెట్టి, పైన ఒక పుస్తకాల కట్ట పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున్న కాగితం తడిసిందంటే అదే రోజు వాపసు చెయ్యండి. కొండ మీద కారితే ఫోను, మార్చుకునే బట్టలు, పులిహోర పొట్లం అన్నీ తడుస్తాయి.

మూడోది గొట్టం, కొరికి తాగే మూతి. మూతికి తిప్పి మూసే తాళం ఉండాలి. లేకపోతే రైల్లో సంచి కింద పెట్టగానే ఎవరి కాలో పడి బోగీ తడుస్తుంది. గొట్టం ఛాతీ పట్టీకి తగిలించుకునే క్లిప్పు ఉండాలి, లేకపోతే మూతి నేల మీద ఈడుస్తుంది. ఎండలో గొట్టంలో నిలిచిన నీళ్లు వేడెక్కుతాయి. తాగాక గొట్టంలోకి ఒకసారి ఊదితే ఆ నీళ్లు తిరిగి తిత్తిలోకి పోతాయి. మళ్లీ తాగినప్పుడు చల్లగా వస్తాయి. ఖర్చులేని ఉపాయం.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం, పిట్టూ ఒంటికి సరిపోవడం. బట్టల షాపులో చొక్కా తొడిగి చూస్తాం గదా, దీనికీ అంతే. ఖాళీ పిట్టూ అందరికీ బాగానే ఉంటుంది. రెండు లీటర్ల నీళ్లు నింపి, పదిహేను నిమిషాలు నడిచి చూడాలి. మెడ దగ్గర పట్టీ ఒరుసుకుంటోందా, నీళ్లు కుడికీ ఎడమకీ ఊగుతున్నాయా, ఛాతీ పట్టీ ఆడవారికి ఇబ్బంది లేకుండా పైకీ కిందకీ జరుగుతోందా చూసుకోవాలి. తిత్తి వేలాడదీసే కొక్కెం లేకపోతే నీళ్లు తగ్గేకొద్దీ అది అడుగున ముద్దగా కూలబడి, గొట్టం మడతపడుతుంది. వీపుకు గాలి ఆడే జాలీ ఉంటే మన ఉక్కపోతకు మేలు. నీళ్లు పోగా తిండి, తువ్వాలు, మందులు, టార్చి పట్టే చోటుంటే చాలు. మొత్తం పది పన్నెండు లీటర్ల పిట్టూ ఒక్కరోజుకు సరిపోతుంది.

దీని లోపాలూ చెప్పాలి. ఎన్ని నీళ్లు మిగిలాయో కనపడదు. చప్పున అయిపోతాయి, అప్పుడు తెలుస్తుంది. అందుకే రిజర్వు అర లీటరు విడిగా, మామూలు బాటిల్‌లో ఉండాలి. శుభ్రత పెద్ద పని. వాడిన రోజే వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, గొట్టం విడదీసి వేలాడదీసి, పూర్తిగా ఆరాకే దాచాలి. తడిగా పెడితే మన వానాకాలంలో వారానికే నల్ల బూజు పడుతుంది. అందులో పంచదార నీళ్లు, షరబత్తు, ఓఆర్ఎస్ ఎప్పుడూ పొయ్యకండి. ఉత్త నీళ్లే.

ఓఆర్ఎస్ పొట్లం మాత్రం జేబులో ఉండాల్సిందే. ఈ రాష్ట్రానికి దానితో గొప్ప సంబంధం ఉంది. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చి సెలైన్ చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహాలనబీస్ గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించారు. అక్కడ మరణాలు సుమారు 30 శాతం నుంచి 4 శాతం లోపుకు దిగాయి. ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు. పెద్ద పొట్లమైతే సరిగ్గా లీటరు నీటికి ఒకటి, ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ కూడా మంచిదే. ఉత్త నీళ్లే అదేపనిగా తాగేస్తే రక్తంలో ఉప్పు పలచబడి అదో ప్రమాదం. కాబట్టి గుక్కలు గుక్కలుగా, మధ్యలో ఏదైనా తింటూ తాగాలి.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. మాట తడబడటం, తిక్కగా ప్రవర్తించడం, ఒళ్లు కాలిపోవడం కనిపిస్తే అది వడదెబ్బ. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. నీళ్లతో తడపండి, విసరండి, ఆస్పత్రికి కబురు పెట్టండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యకండి. ఆ సమయంలో మన దగ్గరున్న నీళ్లు తాగడానికే కాదు, ఆ మనిషిని తడపడానికి కూడా. రిజర్వు ఎందుకన్నవారికి ఇదే నా జవాబు.

ఇక కమిటీకి నా మనవి. టోకుగా ఒకే సైజు పిట్టూలు కొనవద్దు. తక్కువ ధర టెండరుకు వచ్చిన సంచి ఆరడుగుల మనిషికీ, ఐదడుగుల అమ్మకూ ఒకేలా కూర్చోదు. ఆ డబ్బుతో ఓఆర్ఎస్ పొట్లాలు, ఒక ఫస్ట్ ఎయిడ్ పెట్టె, పెద్ద నీళ్ల డబ్బాలు కొనండి. ఆ డబ్బాలు కొండ మొదట్లో బండి దగ్గర ఉంటాయి. పిట్టూ కావలసినవారు ఎవరికి వారు ఒంటికి చూసుకుని కొనుక్కుంటారు. కొనలేనివారు లీటరు బాటిళ్లు రెండు పిట్టూ పక్క జేబుల్లో, చేతికందేలా పెట్టుకుంటే చాలు. వారి కోసం అరగంటకోసారి విజిల్ వేసి అందర్నీ ఆపి తాగిద్దాం. ఆగడానికి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు, ఎందుకంటే అది ఆర్డరు. వరస చివర నడిచే మనిషి దగ్గర అదనంగా రెండు లీటర్లు ఉండాలి. ఆ చివరి స్థానం నాకివ్వండి, ఆ బరువు నేను మోస్తాను.

నడకకు ముందు రెండు ఆదివారాలు నింపిన పిట్టూతో మన ఊళ్లోనే సాధన చేద్దాం. ఉదయం ఐదున్నరకు గోల్ బజార్ దగ్గర ఫాలిన్. సంచి కారినా, పట్టీ ఒరుసుకున్నా ఇక్కడే తెలిసిపోతుంది. పేర్లు ఈ సభ అయ్యాక కార్యదర్శి గారికి ఇవ్వండి. వేసుకునే మందుల వివరం కూడా పేరు పక్కన రాయించండి.