గగనమున అదృశ్యమైన విమానము

శ్రోతలారా, 2014 మార్చి 8వ తేదీన, అర్ధరాత్రి దాటిన పిమ్మట, 239 మందితో కౌలాలంపూరునుండి బీజింగునకు బయలుదేరిన మలేషియా విమానము, గంటయైనను గడవకమునుపే నియంత్రణ కేంద్రముల తెరలనుండి మాయమైనది. అగ్నిప్రమాదమని కొందఱు, అపహరణమని కొందఱు, పైలటే బుద్ధిపూర్వకముగా దారి మళ్లించెనని మఱికొందఱు తలచిరి. డియెగో గార్సియా ద్వీపమున రహస్యముగా దిగినదను కథయు పుట్టినది. కథ రుచిగా నుండుట ఆధారము కాదుగదా!

మఱి ఆధారములేవి? విమానము వెనుకకు మళ్లి, మలయా ద్వీపకల్పము దాటి పడమటికేగినట్లు సైనిక రాడారు చూపినది. అటుపిమ్మట ఉదయమువఱకు ఒక ఉపగ్రహమునకు సంకేతములు అందుచునే యుండెను. ఆ సంకేతములు చోటు చెప్పవు. అవి చేరుటకు పట్టిన కాలమును బట్టి ఉపగ్రహమునకు విమానమెంత దూరమున నున్నదో మాత్రము గణింపవచ్చును. ఆ దూరముతోబాటు సంకేతముల పౌనఃపున్యమున కలిగిన మార్పును గూడ గణించియే దక్షిణ హిందూ మహాసముద్రమును నిపుణులు సూచించిరి. 2015లో రీయూనియన్ ద్వీపతీరమున ఱెక్క శకలము దొరకుటతో ఆ సూచన బలపడినది.

దిక్కు తెలిసినది, శ్రోతలారా, కారణము తెలియలేదు. ఈ రెంటిని కలిపివేయుటవలననే వదంతులు పెరుగుచున్నవి. కారణమును నిర్ణయింపజాలమనియు, అన్యుల ప్రమేయమును త్రోసిపుచ్చజాలమనియు 2018 నాటి మలేషియా విచారణ నివేదికయే అంగీకరించినది.