పథ్యము ఒక్కరిది కాదు
(గ్రంథాలయ రజతోత్సవ సభ యందలి ప్రసంగ పాఠము)



ఉత్సవమన్నచో విందు, విందన్నచో విస్తరిలో ముందుగా తీపి. ఇది తెలుగువారి మర్యాద. ఆ తీపిని చూచి చేయి వెనుకకు తీయువారు నేడు ప్రతి పంక్తియందును ఒకరిద్దరైనను కన్పట్టుదురు. కొందరు 'వద్దు' అనుటకు సిగ్గుపడి తినెదరు. మరికొందరు తినక, వడ్డించువాని చిన్నబోయిన మొగము చూచి తామును చిన్నబోవుదురు. మధుమేహ రోగి కష్టము చాలవరకు ఆ ఒక్క క్షణమున ఇమిడియున్నది. ఏమి తినరాదో ఆయనకు తెలియక కాదు. తెలిసియు తినవలసి వచ్చుటయే ఆయన బాధ.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. చరక సుశ్రుతులు దీనిని ప్రమేహములలో చేర్చి, వానికి ఇరువది భేదములు చెప్పిరి. పుట్టుకతో వచ్చునది యొకటి, అపథ్యము వలన వచ్చునది యొకటి యని సుశ్రుతుడు రెండు తెరగులుగా విభజించెను. ఆయన చికిత్సాస్థానమున చెప్పిన విధులు చిత్రముగా తోచును. ధనవంతుడు శ్యామాక నీవారాది ధాన్యములు తినుచు, లేళ్ళతో వసించుచు, గోవుల వెంట తిరుగవలెను. ధనమును బంధువులును లేనివాడు చెప్పులు, గొడుగు విడిచి, భిక్షాన్నము తినుచు, గ్రామమునకు ఒక్క రాత్రి మాత్రమే నిలిచి, నూరు యోజనములు నడువవలెను. నూయి త్రవ్వుటయు చికిత్సయే. ఇందలి సూక్ష్మ మొకటి కలదు. భోజనము మారవలెనన్నచో భోజనము చుట్టునున్న బ్రతుకు మారవలెను. నాటి రోగిని ఇల్లు విడిచి పొమ్మనిరి. నేటి రోగి ఇల్లు విడిచి పోజాలడు. కావున ఇల్లే మారవలసియున్నది.

1921లో కెనడా దేశపు టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు తమ ప్రయోగములచే ఇన్సులిన్‌ను వెలికి తెచ్చిరి. మరుసటి ఏటనే అది రోగులకు అందెను. మందు దొరకినను వ్యాధి తగ్గలేదు. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యమున జరిగి 2023లో ప్రకటింపబడిన అధ్యయనము ప్రకారము దేశమున 10 కోట్లకు పైగా మధుమేహులు కలరు. మరి 13 కోట్లకు పైగా జనులు దాని గడపలో నిలిచియున్నారు.

ఈ రోగమునకు పరీక్షలు పలు విధములు. పరగడుపున చేయు పరీక్ష ఆనాటి చిట్టా వంటిది. హెచ్‌బీఏ1సీ అను పరీక్ష రెండు మూడు నెలల ఆవర్జా వంటిది. పరీక్షకు ముందు రెండు దినములు నోరు కట్టుకొని చిట్టాను చక్కబరుపవచ్చును. ఆవర్జా ఆ మాయకు లొంగదు. అయినను పలువురు అట్లే చేయుదురు. వైద్యుడు కోపించునని, ఇంటివారు నిందింతురని వారి భయము. మనస్సు రోగమున చేయి కలుపుట ఇచ్చటనే ప్రారంభమగును.

రోగమున్నదని విన్నవాడు మొదట నమ్మడు. ఒంటికి నొప్పి లేదు గదా యని మందు మానును. పిదప నమ్మినను, ఇక బ్రతుకున రుచి లేదని కృంగును. ఒకనాడు ఒక అరిసె తిన్నచో 'వ్రతభంగమైనది, ఇక ఎంత తిన్ననేమి?' యని నాలుగు తినును. ఒక్క అరిసె వలని నష్టము స్వల్పము. ఆ తలంపు వలని నష్టము అధికము. పగలెల్ల ఇంటివారి కావలిలో నుండి, రాత్రి అందరు నిద్రించిన పిదప ఉట్టి వెదకువారును కలరు. వారిని దొంగలుగా చూచుటచే దొంగతనము మానరు. మరింత నేర్పుగా చేయుదురు. చింత, కోపము, నిద్రలేమి కలిగినపుడు దేహమున పుట్టు కొన్ని రసములు రక్తమున చక్కెరను పెంచును. కావున నిరంతరము గద్దించుటయు ఒక విధమగు అపథ్యమే.

ఇక లోకము. ఒక గృహస్థు ఉదయము పని మీద వెడలి ఆరిండ్లకు పోయెననుకొనుడు. ప్రతి ఇంటను టీ ఇత్తురు. త్రాగకున్న అభిమానము లేదందురు. కప్పునకు రెండు చెంచాల పంచదార చొప్పున మధ్యాహ్నమునకు సుమారు 50 గ్రాములు కడుపున చేరును. ఆయన ఇంట ఒక్క మిఠాయియు ముట్టలేదు. అయినను లెక్క తప్పినది. ఆ తప్పు ఆయన నాలుకది కాదు, మొగమాటముది. బెల్లము, తేనె హాని చేయవను నమ్మకమును ఇట్టిదే. అవియు చక్కెరను పెంచును. కొర్రలు, రాగులు మంచివే. కొలత మీరి తిన్నచో అవియు అన్నము వంటివే.

స్త్రీ రోగియైనచో కష్టము రెట్టింపగును. భర్తకు వ్యాధి యన్నచో ఆమె వేరుగా వండును. తనకే వచ్చినచో, తన కొక్కతెకై వేరొక కూర వండుకొనుటకు ఆమెకు చేతులు రావు. అందరు తిన్న పిదప, వేళ మించినాక, మిగిలిన అన్నము పారవేయలేక తినును. పేదవాని చిక్కు మరియొకటి. చౌకదుకాణమున బియ్యము లభించును; పప్పును కూరలును అంగడిలో కొనవలెను. 'అన్నము తగ్గించి కూరలు తినుము' అను మాట చెప్పుట సులభము. కూలివానికి ఆ మాట వెల ఎక్కువ. ఇక పెండ్లి కావలసిన పిల్లకు వ్యాధి వచ్చెనా, ఇంటివారు దానిని దాచెదరు.

ఈ దాచుట ప్రాణాంతకము కావచ్చును. ఇన్సులినో, కొన్ని విధములగు మాత్రలో వాడువారు వేళకు తినకున్నచో రక్తమున చక్కెర హఠాత్తుగా పడిపోవును. చెమటలు పట్టును, చేతులు వణకును, మాట తడబడును. అప్పుడు మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగించుటయే మందు. తెలివి తప్పినచో మాత్రము నోట ఏమియు పోయక, వెంటనే వైద్యశాలకు చేర్పవలెను. ఆ వేళ ప్రక్కనున్నవానికి విషయము తెలియకున్నచో ఏమి చేయగలడు? త్రాగి తూలుచున్నాడని నవ్వి పోవచ్చును. లంఖణము పరమౌషధమను సామెత ఇట్టివారికి చెల్లదు. ఏకాదశి గాని, కార్తిక సోమవారము గాని, రంజాను గాని, ఉపవాసమునకు ముందు వైద్యుని అడుగుట విధి.

వ్యాధిని కొంతవరకు ముందే నిలువరింపవచ్చునని నిరూపించిన అధ్యయనమొకటి భారతదేశముననే జరిగెను. చెన్నై వైద్యులు వ్యాధి గడపలోనున్న 531 మందిని మూడేండ్ల మేర పరిశీలించి 2006లో ఫలితములు ప్రకటించిరి. ఆహారము, నడక చక్కబరచుకొన్న వర్గమున వ్యాధి సోకు అవకాశము, సాధారణ సలహా మాత్రమే పొందినవారితో పోల్చిన, 28.5 శాతము తగ్గెను. మాత్ర వేసికొన్న వర్గమునను ఇంచుమించు అంతయే తగ్గెను. మాత్రకు వెల కలదు, నడకకు లేదు.

కావున చేయదగినదేమి? ఇంట రోగికొక కుండ, తక్కినవారికొక కుండ వలదు. పళ్ళెమున సగము కూరలు, పావు వంతు పప్పు వంటివి, పావు వంతు అన్నము ఇంటివారందరికిని మేలే. రోగి వ్యాధికి తగిన మార్పులు వైద్యుడు చెప్పును. ఇల్లంతయు అట్లు తిన్ననాడు రోగి వెలివేయబడినవాడు కాడు. 'తిన్నావా?' యని గద్దించుటకు మారుగా 'నడుచుటకు పోదమా?' యని పిలుచువాడు నిజమగు బంధువు. తప్పిన పూటను మరచి, మరు పూట నుండి లెక్క సరిచేసికొమ్మని చెప్పవలెను.

గ్రామమునకును ఒక ధర్మము కలదు. పంక్తిలో తీపిని ఒక్క మారు మాత్రమే అడుగవలెను. 'వద్దు' అన్నవానిని కారణము అడుగరాదు. అతిథికి చక్కెర లేని టీయో, మజ్జిగయో ఇచ్చుట గౌరవలోపమని తలపరాదు. గ్రంథాలయమునకు ఇందు పాలు కలదు. సాయంకాలము పత్రిక చదివి వినిపించు చోటనే, వారమున కొకనాడు ఆరోగ్య గ్రంథమును చదివి వినిపింపవచ్చును. అక్షరము రాని ముసలమ్మయు ఆ మాటలు విని, తన వ్యాధి తన పాపఫలము కాదనియు, దాచవలసిన పని లేదనియు తెలిసికొనును.

ఈ సభానంతరము జరుగు విందుననే ఈ నియమము మొదలగుగాక. వడ్డించువారు ఒక్క మారు అడుగుదురుగాక; వద్దన్నవారి విస్తరిలో తీపికి మారుగా ఇంకొక గరిటె కూర వేసి, నవ్వుచు ముందునకు సాగుదురుగాక.

స్వస్తి.