చెవి చేర్చును, మెదడు వినును

రేడియో మీట త్రిప్పగానే గదిలో వీణ మ్రోగినట్లును, ఎవరో మాటలాడినట్లును మనకు తోచును. కాని ఆ పెట్టెకును మన చెవికిని నడుమ నున్నది గాలి యొక్కటే. ఆ గాలిలో రాగము లేదు, మాట లేదు. ఒత్తిడి యొకింత హెచ్చుటయు తగ్గుటయు మాత్రమే యున్నది. ఆ కదలిక మనకు పాటగను పలుకుగను మారుట యెచ్చట? ఈ విషయమును మనము నేడు కొంత విచారింతము.

బయటి చెవి గాలి యలలను చేర్చి, సుమారు రెండున్నర సెంటీమీటర్ల త్రోవగుండ కర్ణభేరికి అందించును. భేరి కదలినంతనే దాని వెనుక నున్న మూడు చిన్న యెముకలు కదలును. ఆకృతిని బట్టి వానిని సుత్తి, దాగలి, రికాబు అని పిలుతురు. రికాబు సుమారు 3 మిల్లీమీటర్లే. మన శరీరమున నింతకంటె చిన్న యెముక లేదు. ఇవి యేల? లోపలి చెవి నిండ ద్రవమున్నది. చెరువులో మునిగినవానికి గట్టుమీది కేకలు సరిగా వినరావు గదా! గాలిలోని ధ్వని నీటిని తాకినపుడు మిక్కిలి భాగము వెనుకకు మరలిపోవును. విశాలమైన భేరి మీది ఒత్తిడిని ఒక చిన్న కిటికీమీదికి చేర్చి, ఈ యెముకలు దానిని సుమారు 20 రెట్లు పెంచును.

లోపలి చెవి నత్తగుల్లవలె చుట్టలు చుట్టుకొని యుండును. అందులోని సన్నని పొర తారస్వరములకు మొదటి భాగమునను, మంద్రస్వరములకు చివరి భాగమునను ఎక్కువగా కదలును. హంగరీలో టెలిఫోను పరిశోధనాలయమున పనిచేసిన జార్జి ఫాన్ బెకెషీ ఈ యలల నడకను కనుగొని 1961లో నోబెల్ బహుమానము నందెను. ఆ పొరపై సుమారు 15,000 రోమకణములు కలవు. రోమములు వంగినపుడు విద్యుత్ సంకేతము పుట్టి, నరముగుండ మెదడునకు పోవును.

ఇంతవరకు జరిగినది చేరవేత మాత్రమే. వినుట మెదడు పని. ధ్వని ఒక చెవికి ముందును, రెండవ చెవికి వెనుకను చేరును. ఆ తేడా సెకనులో వెయ్యవ వంతుకంటె తక్కువయైనను, పిలుపు ఏ దిక్కునుండి వచ్చెనో మెదడు చెప్పగలదు. మరియొక వింత చూడుడు. పురుషుని కంఠపు మూలస్వరము తరచుగా సెకనుకు 100, 150 కంపనముల నడుమ నుండును. పాత టెలిఫోను తంతులు 300 కంపనములకు తక్కువ యగువానిని దాదాపుగా పంపెడివి కావు. అయినను తండ్రిగారి గొంతు మనకు గంభీరముగనే వినవచ్చెడిది. పైస్వరముల పొందికను బట్టి, లేని మూలస్వరమును మెదడే పూరించును.

ఈ నేర్పు పసితనముననే రూపుదిద్దుకొనును. హిందీలోని తకార టకారముల భేదమును ఆంగ్లము మాటలాడు కుటుంబముల శిశువులు ఆరెనిమిది నెలల ప్రాయమున గుర్తింపగలిగిరనియు, ఏడాది నిండువేళకు వారిలో పెక్కురు గుర్తింపలేకపోయిరనియు కెనడాకు చెందిన జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రకటించిరి. అనగా చెవి విన్న భాషకు తగినట్లు మెదడు తన్ను దిద్దుకొనుచున్నది.

కనుకనే రెండు జాగ్రత్తలు మనకు అవశ్యకములు. మొదటిది: పక్షులలో చెడిన రోమకణములు మరల మొలచును, మనుష్యులలో మొలవవు. పెండ్లి పందిళ్లలోని పెనుమ్రోతలయొద్ద పిల్లలను నిలుపరాదు. మన రేడియో పొరుగింటికి వినబడవలసిన పనియు లేదు.

రెండవది మరింత ముఖ్యము. బిడ్డ పిలుపునకు తిరిగి చూడకున్నను, “మాటలు ఆలస్యముగా వచ్చుట మా యింట అలవాటే” యని పెద్దలు ఊరడింతురు. ఆ యూరడింపులో విలువైన నెలలు గడచిపోవును. ఆరోగ్యముగల చెవి తానును అతి మెల్లని ధ్వనిని వెలువరించునని 1978లో లండనున డేవిడ్ కెంప్ చూపెను. నిద్రించు శిశువు చెవిలో చిన్న గొట్టముంచి ఆ ధ్వనిని పరీక్షింతురు, నొప్పి యుండదు. మొదటి నెలలో పరీక్ష, మూడవ నెలలోపల నిర్ధారణ, ఆరవ నెలలోపల తగిన సహాయము జరుగుట మేలు. ఆ సహాయము వినికిడి యంత్రమైనను, శస్త్రచికిత్సచే అమర్చు సాధనమైనను, సంజ్ఞాభాషయైనను కావచ్చును. బిడ్డ మెదడు భాషకొరకు ఎదురు చూచుచుండును. దానిని వేచియుండనీయకుండుట మన విధి.