పని మనది, లెక్క ఎవరిది?
(వాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అక్కలారా, అన్నలారా, కూలి చేసొచ్చి కాళ్లైనా కడుక్కోకుండా సభకొచ్చిన అమ్మలారా!

ఇవాళ ఒక అంకె గురించి మాట్లాడుకుందాం. పదిహేనేళ్లు నిండిన ప్రతి వందమందిలో పనిచేసేవాళ్లు, పని వెతుక్కునేవాళ్లు కలిసి ఎంతమందో ప్రభుత్వం లెక్క తీస్తది. దాన్ని శ్రామికశక్తి భాగస్వామ్యం అంటారు. పేరు పెద్దదే గానీ సంగతి మనదే.

2004-05లో మన దేశంలో పల్లె ఆడవాళ్లు వందకి 49 మంది ఈ లెక్కలో ఉన్నారు. 2011-12కి 36కి దిగారు. 2017-18కి 25 కూడా లేరు. పదమూడేళ్లలో సగం మంది మాయం! ఎటు పోయారు? మెషిన్లొచ్చి కోతలు పోయినై. ఆడపిల్లలు బడికెళ్లారు, అది మంచిదే. కానీ చదివినాక ఊరి దగ్గర ఉద్యోగమేదీ?

ఇప్పుడు పక్క దేశాలను చూద్దాం. బంగ్లాదేశ్ 2015 దాకా ప్రపంచ బ్యాంకు లెక్కలో పేద దేశమే. అక్కడ 1995-96లో ఆడవాళ్లు వందకి 16 మందే. 2016-17కి 36 మంది అయ్యారు. దాదాపు అదే సమయానికి, 2017-18లో, మన దేశం మొత్తమ్మీద 23 మందే. మనకంటే పేద దేశం మనల్ని దాటిపోయింది. మొజాంబిక్, మడగాస్కర్ లాంటి ఆఫ్రికా పేద దేశాల్లోనైతే సగానికి మించే ఉన్నారు.

అట్లని అంకె పెరగ్గానే విముక్తి వచ్చినట్టా? కాదు. ఆ ఆఫ్రికా పల్లెల్లో గుంటక, పార పట్టకపోతే పొయ్యి వెలగదు. బంగ్లాదేశ్‌లో బట్టల ఫ్యాక్టరీలు ఆడవాళ్లకు జీతమిచ్చినై. 2013లో రాణా ప్లాజా కూలి పదకొండు వందల మందికి పైగా ప్రాణాలు కూడా తీసింది. అందుకే ఎంతమంది పనిచేస్తున్నారన్నది సగం ప్రశ్న. ఏ పని, ఎంత కూలి, ఎంత గౌరవం అన్నది మిగతా సగం.

మన దేశంలో మళ్లీ అంకె పెరిగింది. 2023-24లో ఆడవాళ్లు వందకి 42 మంది దాకా వచ్చారు. సంబరపడే ముందు లోపలికి చూడండి. పనిచేసే ఆడవాళ్లలో నెలజీతం వాళ్లు 2017-18లో 21 శాతం, 2023-24లో 16 శాతం. స్వయం ఉపాధి అని రాసింది 52 నుంచి 67కి పెరిగింది. వాళ్లలో సగానికి పైగా ఇంటి చేనులో, ఇంటి కొట్టులో పైసా లేకుండా చేసేవాళ్లే. దీన్నే ఉపాధి అంటున్నారు!

ఇంకో మోసం వినండి. కట్టెలు ఏరుకొచ్చి, గడ్డి కోసుకొచ్చి ఇల్లు నడిపే తల్లిని సర్వేలో ‘ఇంటిపని’ గడిలో వేసి శ్రామికశక్తి బయటే ఉంచుతారు. గడప దాటకపోవడం పరువు అన్నది పైకులాల మాట. మన తల్లులకు ఆ పరువు ఎవడిచ్చాడు? నాట్లు, కలుపు, పత్తి ఏరుడు, ఊరి వీధులూడ్చుడు మనవే కదా! సర్వేల్లోనూ ఎస్సీ, ఎస్టీ ఆడవాళ్ల వాటా అగ్రకులాల ఆడవాళ్లకంటే ఎక్కువే.

2027 జనాభా లెక్కల్లో కులం కూడా రాయాలని 2025లో నిర్ణయమైంది. ఇల్లిల్లూ తిరిగి రాసేది ఎక్కువగా మా టీచర్లమే. “మీ ఆవిడ ఏం చేస్తది?” అంటే, “ఏం లేదు సార్, ఇంట్లోనే ఉంటది” అని అన్నలు అనొద్దు. ఏడాదిలో ఎన్ని నెలలు కూలికెళ్లిందో చెప్పాలి. సొంత చేనులో జీతం లేకుండా చేసినా అది పనే. అక్కలారా, మీరే ముందుకొచ్చి చెప్పండి. రాసే టీచర్లం మేమూ అడిగి రాద్దాం, ఊహించి రాయొద్దు.

ఆరు నెలలు చేసినామెను ఖాళీ అని రాస్తే, రేపు పని అడిగేటప్పుడు, కూలి పెంచమనేటప్పుడు మన చేతిలో కాగితం ఉండదు. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. కూలోళ్ల బతుకు చట్టంలోకెక్కాలని పాటుపడ్డారు. మన పని కనీసం లెక్కలోకెక్కాలి. కులం అడిగితే కులం చెబుదాం. పని అడిగితే పని చెబుదాం. రెండూ దాచుకోవద్దు.

జై భీమ్!