నొప్పుల వేళ పక్కన ఎవరున్నారు?

(తణుకులో జరిగిన ఆదివాసీ దినోత్సవ సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి కాన్పుల గురించి మాట్లాడతామంటే కార్యవర్గంలోనే కొందరు నవ్వారు. మగవాళ్ళున్న సభలో పురిటి మాటలేంటండీ అన్నారు. మగవాళ్ళున్నారు కాబట్టే మాట్లాడుతున్నాం.

మా ఎరుకల వాళ్ళ గురించి ఒక పాత సంగతి ఉంది. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో పనిచేసిన జాన్ కెయిన్ అనే మిషనరీ 1874లో ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో దాన్ని రాశాడు. 1909లో థర్‌స్టన్ తన కులాలు, తెగల పుస్తకంలోకీ తీసుకున్నాడు. భార్యకు నొప్పులు మొదలయ్యాయనగానే భర్త ఆమె బట్టలు కట్టుకుని, ఆడవాళ్ళలా బొట్టు పెట్టుకుని, చిన్న దీపం వెలుగుతున్న చీకటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకునేవాడట. బిడ్డ పుట్టాక కడిగి తెచ్చి అతని పక్కనే పడుకోబెట్టేవారట. పురిటి మందులు కూడా అతనికే పెట్టేవారట.

అదే కాలపు సర్కారు కాగితాల్లో మమ్మల్ని నేరస్థ జాతిగా కూడా రాశారు. కాబట్టి ఆ రాతలన్నిటినీ ఒకేలా నమ్మం. మేం అడిగిన ముసలివాళ్ళెవరూ ఈ ఆచారాన్ని కళ్ళారా చూడలేదన్నారు. మందు తల్లికి పెట్టకుండా తండ్రికి పెట్టడం మాకూ నచ్చలేదు. కానీ ఒక్కటి మాత్రం మనసులో నిలిచిపోయింది. ఆ మగవాడు కాన్పు తన పని కాదని ఊరి మీదికి పోలేదు. ఇవాళ మనం ఏం చేస్తున్నాం? ఆసుపత్రి గేటు బయట టీ కొట్టు దగ్గర ఫోను చూసుకుంటూ నిలబడుతున్నాం.

మా పేటలో ఒక అమ్మాయికి ఈమధ్యే తొలి కాన్పు అయింది. ఏ ఆసుపత్రో చెప్పం, ఎక్కడైనా ఇలాగే జరుగుతోంది. అమ్మనీ అత్తనీ తలుపు దగ్గరే ఆపేశారు. రాత్రంతా మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. అరిస్తే కసిరారు. చివరికి ఆపరేషన్ చేశారు. అది అవసరమో కాదో తేల్చడానికి మేం డాక్టర్లం కాదు. కానీ ఆ పిల్ల తర్వాత మా ఆడవాళ్ళతో, "నొప్పి ఓర్చుకున్నాను పిన్నీ, ఎవరూ లేరన్న భయమే ఓర్చుకోలేకపోయాను" అంది.

భయానికీ నొప్పులకూ సంబంధం ఉంది. మనసు కుదుటపడి, గది ప్రశాంతంగా ఉంటే నొప్పులను నడిపించే ఆక్సిటోసిన్ బాగా ఊరుతుంది. బెదిరిపోతే కాన్పు మందగించవచ్చు. లేచి తిరిగినా, కూర్చున్నా, పక్కకు ఒత్తిగిలినా బిడ్డ కిందికి దిగడం తేలికవుతుంది. మన మంత్రసానులు ఇవేవీ చదువుకోలేదు. కానీ వెనక కూర్చుని నడుం నిమిరేవారు, గుక్కెడు గంజి తాగించేవారు, "ఇంకాస్తేనే తల్లీ" అనేవారు. ప్రతి కాన్పూ గంటకో సెంటీమీటరు లెక్కన సాగాలని లేదని, నొప్పుల వేళ తనకు నచ్చిన తోడు ప్రతి తల్లికీ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అంతకు ముందు ఏడాది కాక్రేన్ వాళ్ళు 17 దేశాల్లో 15 వేల మందికి పైగా తల్లుల మీద జరిగిన 26 పరిశోధనలను కలిపి చూశారు. మొదటి నుంచి చివరిదాకా పక్కన తోడున్నవాళ్ళకు ఆపరేషన్లు తక్కువ పడ్డాయి, కాన్పు కాస్త తొందరగా అయింది.

మన రాష్ట్రం సంగతి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద 21 పైచిలుకు.

అలాగని ఇంట్లోనే కందామని మేం అనడం లేదు. పూర్వం ఇళ్ళల్లో కనలేదా అని అడిగే పెద్దాయన ప్రతి సభలోనూ ఒకరుంటారు. కన్నారు బాబాయ్. పోయినవాళ్ళ లెక్క ఎవరు రాశారు? రక్తం ఆగకపోతే, గుర్రపువాతం వచ్చి ఫిట్స్ కొడితే, బిడ్డ అడ్డం తిరిగితే మంత్రసాని చేతిలో ఏమీ లేదు. కొల్లేరు లంకల నుంచి పడవెక్కించి, కొండల మీద నుంచి డోలీ కట్టి తెచ్చేలోపు ఆలస్యమైపోయేది. ఉమ్మనీరు పచ్చగా పోయినా, కడుపులో కదలిక తగ్గినా, తలనొప్పితో కళ్ళు మసకబారినా ఎదురుచూడకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆపరేషన్ కావాలని డాక్టరు కారణం చెబితే వినండి. చెప్పకపోతే మర్యాదగా అడగండి.

మేం కోరేది ఆసుపత్రిలోనే, డాక్టరూ నర్సూ ఉన్నచోటే, మన మనిషి ఒకరు పక్కన ఉండాలని. ఇది కొత్త కోరిక కాదు. సర్కారీ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి తోడును అనుమతిస్తూ కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆడమనిషి అయి ఉండాలి, తాను కని ఉంటే మరీ మంచిది. అంటురోగాలు ఉండకూడదు, శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, సిబ్బంది పనికి అడ్డు తగలకూడదు, పక్క మంచం జోలికి పోకూడదు. ఒక్కో తల్లికి చాటు ఉండే కాన్పు గది అయితే భర్తకూ అనుమతి ఉంది. ఈ చివరి మాట చదివినప్పుడు మాకు ఆ 1874 నాటి ఎరుకల మగవాడు గుర్తొచ్చాడు.

కాన్పు రోజున తలుపు దగ్గర వాదులాడితే పని జరగదు. ఏడో నెలలోనే ఏఎన్‌ఎమ్మకు చెప్పి, ఎవరు వెళతారో ముందే తేల్చుకుని, ఆ మనిషిని కూడా ఒకసారి పరీక్షలకు వెంట తీసుకెళ్ళాలి. వదిన వెళ్ళినా సరే, మేనత్త వెళ్ళినా సరే, గాభరా పడే మనిషి మాత్రం వద్దు. ఎవరూ లేని పిల్లలకు, ముఖ్యంగా చేపల చెరువుల గట్ల మీద కాపురముండే యానాది కుటుంబాల పిల్లలకు, మన సంఘం నుంచే ఒకరిని పంపాలని అనుకుంటున్నాం. ఆ మార్గదర్శకాల కాపీ తీసుకుని వచ్చే వారం ఆసుపత్రి పెద్దలను కలుస్తాం.

కని, పెంచి, ఓపిక ఉన్న అక్కలు పేర్లు ఇవ్వండి. వెనక బల్ల మీద పుస్తకం పెట్టాం. కాన్పు గదిలో నిలబడడానికి సిద్ధమైన భర్తల కోసం అందులో ఒక పేజీ వదిలాం.