నొప్పి లేదని నమ్మకండి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఖజానా శాఖలో ముప్పై మూడేళ్ళు బిల్లులు చూసినవాణ్ణి. ఒక పన్ను పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం మీతో చెప్పమని కార్యదర్శిగారు కోరారు.

రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత పెట్టి కింది దవడలో రెండు ఇంప్లాంట్లు వేయించుకున్నాను. ఎముకలో టైటానియం మర బిగించి, అది అతుక్కునేదాకా కొన్ని నెలలు ఆగి, పైన పన్ను అమర్చారు. మళ్ళీ జంతికలు నమలగలిగాను. నాలుగేళ్ళు హాయిగా గడిచాయి.

ఐదో ఏట పళ్ళు తోముకుంటుంటే ఒక ఇంప్లాంటు దగ్గర రక్తం కనబడేది. నొప్పి లేదు. గట్టిగా తోమి ఉంటానులే అనుకున్నాను. తర్వాత నోట్లో ఏదో పాడు రుచి. నోరు వాసన వస్తోందని మా ఆవిడ రెండుసార్లు చెప్పింది. "నొప్పే లేనప్పుడు డాక్టరెందుకు?" అని కసురుకున్నాను. ఎనిమిది నెలలకు పన్ను కదిలింది. ఎక్స్ రే తీస్తే మర చుట్టూ ఎముక చాలావరకు కరిగిపోయి ఉంది. తీసేయక తప్పలేదు. రెండోదాని చుట్టూ అప్పటికి చిగురు వాపు మాత్రమే ఉంది. శుభ్రం చేసి దాన్ని దక్కించారు.

డాక్టరుగారు చెప్పిందేమిటంటే, సొంత పన్నులో నరం ఉంటుంది, ఇంప్లాంటులో ఉండదు. అందుకే లోపల చెడుతున్నా చాలాసార్లు నొప్పి తెలియదు. చిగురు వాపుతో ఆగితే నయం చేయవచ్చు. కరిగిన ఎముక మాత్రం తేలిగ్గా తిరిగి రాదు.

కాబట్టి ఈ గుర్తుల్లో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి:

1. తోమినప్పుడు రక్తం రావడం, చిగురు ఎర్రబడి ఉబ్బడం.
2. చీము, పాడు రుచి, పోని దుర్వాసన.
3. చిగురు కిందికి జారి లోహం కనబడడం.
4. పన్ను కదలడం. పై పన్ను మర వదులైతే బిగిస్తారు; ఎముకలోని మరే కదిలితే సాధారణంగా తీసేయాలి. ఏదైనదీ డాక్టరే తేల్చాలి, వేలితో కదిపి చూడకండి.
5. కొత్తగా వేయించుకున్నవారికి రోజులు గడిచేకొద్దీ నొప్పి పెరగడం, పెదవి తిమ్మిరి తగ్గకపోవడం. జ్వరంతో ముఖం వాస్తే ఆ రోజే వెళ్ళాలి.

షుగరు అదుపులో లేనివారికి, చుట్ట, సిగరెట్టు కాల్చేవారికి ప్రమాదం ఎక్కువ. ఎముకల బలానికి మందులు వాడుతుంటే ఆ చీటీ ముందే చూపించండి.

భయపడి మానుకోమని నా ఉద్దేశం కాదు. 1965లో స్వీడన్‌లో డాక్టర్ బ్రోనెమార్క్ మొదటి రోగికి వేసిన ఇంప్లాంట్లు, ఆ రోగి 2006లో చనిపోయేదాకా పనిచేశాయి.

మనం బతికున్నామని ఏటా లైఫ్ సర్టిఫికేట్ ఇస్తున్నాం. ఇంప్లాంటుకు కూడా ఏడాదికి ఒక్కసారైనా డాక్టరు దగ్గర ఆ సర్టిఫికేట్ తీసుకోండి. ఇంట్లోవాళ్ళు వాసన వస్తోందంటే, నాలాగా కసురుకోకండి.